గదుల ఇజారా

కూడు, గుడ్డ, గూడు అనే మూడింటిలో మొదటి రెండింటిని మనిషి ఏనాటికానాడు సంపాదించుకోగలడు. మూడవదాని కోసం మాత్రం చాలామంది ఏళ్ళ తరబడి పరుల గడప ముందు నిలబడవలసి వస్తున్నది. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అని పెద్దలు ఊరకనే అనలేదు. కష్టపడి ఇల్లు కట్టుకొన్నవాడు అందులో ఒక భాగాన్ని అద్దెకిచ్చి, ఆ అద్దెతో బిడ్డల చదువులు గడుపుకోవడం మన పట్టణాలలో తరతరాల ఆచారం. హైదరాబాదు పాతబస్తీలోని దేవిడీలలోనూ, కోస్తా పట్టణాల పెంకుటిళ్ళలోనూ "పోర్షన్లు" లేని వీధి అరుదు. అక్కడ యజమానీ కిరాయిదారూ ఒకే బావిలో నీళ్ళు తోడుకొనేవారు. తగాదా వచ్చినా, పండుగ వచ్చినా అంతా ముఖాముఖిగానే జరిగేది.

ఈ పది, పన్నెండేళ్ళలో ఆ ఇరువురి నడుమకు మూడవవాడు వచ్చి కూర్చున్నాడు. అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్, దిల్‌సుఖ్‌నగర్, అశోక్‌నగర్ ప్రాంతాలలో పరీక్షలకు చదివే విద్యార్థుల కొరకు, మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతాలలో ఉద్యోగుల కొరకు ఇళ్ళు గదులుగా, గదులు మంచాలుగా విడిపోతున్నవి. స్వయంగా హాస్టలు నడిపే యజమానులు మునుపటినుండి ఉన్నారు. మేము ఇక్కడ విచారించదలచినది వారిని గురించి కాదు. ఒకరి ఇంటిని కొన్నేళ్ళకు తీసుకొని, మంచాలు, బీరువాలు అమర్చి, గదికొకరికో ఇద్దరికో అద్దెకిచ్చి, యజమానికి నెలకింత అని ముట్టజెప్పే నిర్వహణ కంపెనీల పద్ధతిని గురించి. "ఇల్లు మీది, శ్రమ మాది, అద్దె మాత్రం ఒకటవ తేదీకల్లా మీ ఖాతాలో" అనే అర్థం వచ్చే ప్రకటనలు మనమందరం చూస్తున్నవే. పదవీ విరమణ సొమ్ము చేతికందిన ఉపాధ్యాయుడు, గల్ఫులో పదేళ్ళు చెమటోడ్చిన తమ్ముడు, అమెరికాలో ఉద్యోగం చేస్తున్న కుమారుడు ఇట్టి మాటలకు చెవి ఒగ్గడంలో వింత లేదు.

ఇది లాభసాటి మదుపు అవునా కాదా అని కొందరు అడుగుతున్నారు. ఆ ఇంట్లో ఉండేవారి మంచిచెడ్డలకు బాధ్యులెవరు అని మరికొందరు అడుగుతున్నారు. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలని సామాన్యంగా తలుస్తారు. మా అభిప్రాయంలో ఇవి రెండూ ఒకే ప్రశ్న. బాధ్యతను వదులుకొన్న యజమాని తన సొమ్ము భద్రతను కూడా వదులుకొంటున్నాడని చెప్పడమే ఈ వ్యాస ఉద్దేశం.

మొదట ఈ పద్ధతిలోని మేలును ఒప్పుకోవడం న్యాయం. ఊరు విడిచి వచ్చిన కుర్రవానికి మూడు గదుల ఇల్లు అక్కరలేదు, దానికి అడ్వాన్సు ఇచ్చే స్తోమతు లేదు. పెట్టె పట్టుకొని వచ్చిన రోజుననే మంచం, దీపం, నీళ్ళు ఉన్న గది దొరకడం అతనికి గొప్ప ఉపకారం. మరొక సంగతి కూడా ఉన్నది. పేరు వినగానే "ఇల్లు ఇదివరకే ఇచ్చేశాము" అనే జవాబు మన విద్యార్థులలో అనేకులకు పరిచితమే. కులం అడిగేవారు కొందరు, మాంసం వండుతారా అని అడిగేవారు కొందరు, పెళ్ళి కానివారికి ఇవ్వమనేవారు కొందరు. కంపెనీవాడు పేరు అడిగేది రసీదు వ్రాయడానికి మాత్రమే అయితే, ఆ మేరకు అది సంఘానికి చేసిన సేవయే. అయితే యజమాని మనసులోని షరతు కంపెనీ నోట మర్యాదగా పలికే ప్రమాదం కూడా ఉన్నది. తలుపు దగ్గర మనిషి మారినంత మాత్రాన తలుపు తెరచుకొన్నట్లు కాదు.

ఇక లెక్కకు వద్దాము. ఉదాహరణకు మాదాపూరు పరిసరాలలో ఒక మూడు పడకగదుల ఫ్లాటును కోటి రూపాయలకు కొన్నారని అనుకొందాము. ఒక కుటుంబానికిస్తే నెలకు 30,000 రూపాయలు వస్తుంది. కంపెనీ వచ్చి 33,000 ఇస్తామన్నది. గదికి ఇద్దరు చొప్పున ఆరుగురిని చేర్చి, తలకు 9,000 వంతున 54,000 వసూలు చేస్తుంది. కరెంటు, నీళ్ళు, పనివారు, ఇంటర్నెట్టు, మరమ్మతులు కలిపి 12,000 ఖర్చు అనుకొందాము. యజమానికి 33,000 పోగా కంపెనీకి మిగిలేది 9,000. అంటే సరిగ్గా ఒక మంచం అద్దె. ఒక మంచం ఖాళీ అయితే కంపెనీ లాభం సున్న. రెండు మంచాలు ఖాళీ అయితే నెలకు 9,000 చేతినుండి పెట్టుకోవాలి. ఆరు మంచాల ఇంటిలో రెండు మంచాలు ఖాళీ కావడానికి భూకంపం రానక్కరలేదు. పరీక్షలు ముగిస్తే చాలు.

యజమాని వైపు కూడా చూడండి. ఏడాదికి 3,96,000 రూపాయలలో అపార్టుమెంటు మెయింటెనెన్సు, ఆస్తి పన్ను తీసివేస్తే సుమారు 3,40,000 మిగులుతుంది. కోటి రూపాయలకు అది నూటికి మూడున్నర కూడా కాదు. ఆ ఫ్లాటును 75 లక్షల అప్పుతో కొని ఉంటే, ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్ళకు నెలకు కట్టవలసిన వాయిదా 65,000 రూపాయలు. "అద్దెయే అప్పు తీరుస్తుంది" అని చెప్పేవారు ఈ రెండు అంకెలను ప్రక్క ప్రక్కన వ్రాసి చూపరు. అద్దె సగం వాయిదాకు మాత్రమే సరిపోతుంది. మిగిలిన సగం యజమాని జీతంనుండి రావలసినదే. స్థలం ధర పెరుగుతుందన్న ఆశ ఒక్కటే ఈ మదుపుకు ఊపిరి. ఆశ పెట్టుకోవడం తప్పు కాదు. కాని ఆశను ఆదాయమని పిలవడం తప్పు.

అట్లయితే "హామీ అద్దె"కు హామీ ఎవరు? బ్యాంకు కాదు, ప్రభుత్వం కాదు. కంపెనీ మూలధనం కూడా కాదు, ఎందుకనగా ఇటువంటి కంపెనీకి స్వంత ఇల్లు ఒక్కటి కూడా ఉండకపోవచ్చు. ఆ హామీ వెనుక నిలబడి ఉన్నవాడు ఆరు మంచాలలో పడుకొన్న ఆ ఆరుగురు కుర్రవాళ్ళే. వారు నెలనెలా ఇచ్చే తొమ్మిదేసి వేలే ఈ మేడకంతటికీ పునాది. యజమానికి వారి పేర్లు తెలియవు. వారికి యజమాని పేరు తెలియదు.

ఈ సత్యం 2020 మార్చి నెలలో మన కళ్ళ ముందే రుజువైనది. కరోనా లాక్‌డౌన్ ప్రకటించగానే హైదరాబాదులో అనేక హాస్టళ్ళవారు విద్యార్థులను, చిన్న ఉద్యోగులను ఖాళీ చేసి వెళ్ళమన్నారు. మార్చి 25వ తేదీ ఉగాదినాడు వేలాదిమంది యువతీ యువకులు ఊరికి వెళ్ళే అనుమతి పత్రాల కొరకు పోలీసు ఠాణాల ముందు బారులు తీరారు. ఆ పత్రాలు పట్టుకొని బయలుదేరినవారిలో అనేకులు ఆంధ్రప్రదేశ్ సరిహద్దు వద్ద గంటల తరబడి నిలిచిపోయారు. హాస్టళ్ళను ఖాళీ చేయించరాదని ప్రభుత్వమే చెప్పవలసి వచ్చినది. నెలనెలా అద్దె చెల్లించినవానికి ఆపదవేళ ఆ నాలుగు గోడలమీద ఏ హక్కూ లేదని తేలినది. అటు తరువాత నెలల తరబడి ఆ గదులు ఖాళీగా పడి ఉన్నవి. మంచాలు ఖాళీ అయిన తరువాత హామీ అద్దె ఎక్కడినుండి వస్తుంది?

అదే సంవత్సరం చైనా దేశంలో జరిగినది ఇంతకంటె పెద్ద పాఠం. డాంకే అనే సంస్థ 2015లో బీజింగులో ఆరంభమై, యజమానుల వద్ద ఇళ్ళను ఏళ్ళ ఒప్పందంమీద తీసుకొని, బాగుచేసి, గదుల వారీగా యువకులకు అద్దెకిచ్చేది. పదమూడు నగరాలలో నాలుగు లక్షలకు పైగా గదులు దాని చేతిలో ఉండేవి. 2020 జనవరిలో దాని వాటాలు న్యూయార్కు స్టాకు ఎక్స్ఛేంజికి ఎక్కినవి. దాని కిటుకు ఏమనగా, కిరాయిదారులలో అనేకులచేత బ్యాంకులో అప్పు చేయించి, ఏడాది అద్దెను ముందే తీసుకొనేది. యజమానికి మాత్రం నెలనెలా ఇచ్చేది. నడుమ నిలిచిన ఆ సొమ్ముతో మరిన్ని ఇళ్ళు పట్టేది. కరోనాతో గదులు ఖాళీ అయినవి. 2020 నవంబరు నాటికి యజమానులకు అద్దె ఆగిపోయినది. అద్దె రాని యజమానులు ఇంట్లో ఉన్నవారిని వెళ్ళగొట్టబూనారు, తాళాలు మార్చారు, కరెంటు ఆపారు. ఆ లోపలివారేమో ఏడాది అద్దె ఏనాడో చెల్లించి, ఆ అప్పుకు బ్యాంకు వాయిదాలు కడుతున్నవారు. మోసపోయిన ఇద్దరూ గడపకు అటూ ఇటూ నిలబడి ఒకరినొకరు తిట్టుకొంటుంటే, సొమ్ము తిన్నవాడు నడుమ కనిపించలేదు. 2021లో ఆ సంస్థ న్యూయార్కు స్టాకు ఎక్స్ఛేంజినుండి తొలగింపబడినది.

మన దేశంలో అంతటి ఉత్పాతం రాలేదు. కాని బెంగుళూరులో 2015లో మొదలై, అనేక నగరాలకు వ్యాపించి, పెద్ద పెట్టుబడులు ఆకర్షించిన నెస్ట్‌అవే సంస్థ 2023లో సుమారు 90 కోట్ల రూపాయలకు మరొక సంస్థ చేతికి వెళ్ళినది. ఒకనాడు దానికి కట్టిన విలువలో అది ఏ మూలకూ రాదు. అద్దె వ్యాపారంలో పేరు వేరు, నిలకడ వేరు అని గ్రహించడానికి ఈ ఒక్కటి చాలు.

ఈ వ్యవహారమంతా మన గడ్డకు కొత్తది కాదు. నిజాం రాజ్యంలో పందొమ్మిదవ శతాబ్ది నడిమి వరకు భూమి శిస్తు వసూలును గుత్తకిచ్చే పద్ధతి ఉండేది. దానినే ఇజారా అన్నారు. ఒక ప్రాంతానికి ఇంత సొమ్ము ఇస్తానని ఒప్పుకొన్నవానికి ఆ ప్రాంతాన్ని వదిలివేసేవారు. అతడు రైతు వద్ద ఎంత రాబట్టుకొన్నాడు, ఎట్లు రాబట్టుకొన్నాడు అన్నది సర్కారు అడిగేది కాదు. సర్కారుకు శ్రమ లేదు, శిస్తు మాత్రం వస్తుందని భ్రమ. జరిగినదేమి? రైతు చితికిపోయాడు, ఖజానా కూడా నిండలేదు. 1853లో దివాను పదవికి వచ్చిన మొదటి సాలార్‌జంగు ఆ గుత్తదారులను క్రమంగా తొలగించి, జీతంమీద పనిచేసే ఉద్యోగులను నియమించి, 1865లో జిలాబందీ ద్వారా జిల్లాల పాలన నెలకొల్పాడు. రైతుతో సంబంధం తెంచుకొన్న ప్రభుత్వానికి రాబడి కూడా నిలవదని ఆయన గ్రహించాడు. నేడు మనవారు తమ గదులను ఇజారాకిస్తూ, సాలార్‌జంగు విడిచిపెట్టిన దారినే కొత్త రహదారి అనుకొంటున్నారు.

చట్టం ఏమి చెబుతున్నది? 2021 జూన్ 2వ తేదీన కేంద్ర మంత్రివర్గం ఒక నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించినది. అది నమూనా మాత్రమే. దానిని రాష్ట్రాలు తమ శాసనాలుగా చేసుకోవాలి. అయినా అందులోని నియమాలు న్యాయానికి కొలబద్దలుగా పనికివస్తవి. ఒప్పందం వ్రాతపూర్వకంగా ఉండాలి. నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదు. నిర్వాహకుణ్ణి పెట్టుకొంటే, అతని పేరును, అతనికిచ్చిన అధికారాన్ని యజమాని కిరాయిదారుకు తెలుపాలి. ఇరవైనాలుగు గంటల ముందు చెప్పకుండా గదిలో ప్రవేశించరాదు. తగాదా ఉన్నదని నీళ్ళు, కరెంటు ఆపరాదు. అయితే కంపెనీలు తరచు అద్దె ఒప్పందానికి బదులు "లైసెన్సు" అనే పత్రం వ్రాయించుకొంటవి. మాటలో చిన్న తేడా. ఫలితంలో పెద్ద తేడా. అద్దెదారుకు ఇంటిమీద హక్కు ఉంటుంది. లైసెన్సు పొందినవాడు అనుమతిమీద ఉన్న అతిథి మాత్రమే. పదకొండు నెలల పత్రాలకు కూడా కారణం ఇట్టిదే. ఏడాదికి మించిన లీజును 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి గనుక, దానికి ముందే ఆపుతారు.

మన పిల్లలు పై చదువులకు వెళ్ళే ఇంగ్లండులో ఈ విషయమై కొంత జాగ్రత్త కనిపిస్తుంది. వేర్వేరు కుటుంబాలకు చెందిన ఐదుగురు లేక అంతకు మించినవారు వంటగదినో, స్నానాలగదినో పంచుకొంటూ ఒకే ఇంట్లో ఉంటే ఆ ఇంటికి స్థానిక కౌన్సిలు లైసెన్సు ఉండాలి. ఒక్కరు పడుకొనే గది 6.51 చదరపు మీటర్లకు, అనగా సుమారు 70 చదరపు అడుగులకు, తగ్గరాదని 2018లో నియమం వచ్చినది. అయినా అక్కడ కూడా నడిమివాని చిక్కు 2023 నాటికి తీరలేదు. లైసెన్సు లేని ఇంట్లో ఉన్నవారు తాము కట్టిన అద్దెను తిరిగి ఇప్పించమని కోరవచ్చు. కాని ఇంటిని కంపెనీ తీసుకొని గదులుగా ఇచ్చినచో, ఆ ఉత్తరువు కంపెనీమీదనే గాని అసలు యజమానిమీద చెల్లదని 2023లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కంపెనీ చేతులెత్తేస్తే ఆనాటి చట్టం క్రింద గదిలో ఉన్నవాడు ఎవరిని అడగాలి? చట్టం వదిలిన చోట ఆనాడు యజమాని మనస్సాక్షి ఒక్కటే మిగిలినది.

"తిలా పాపం తలా పిడికెడు" అన్నట్లు ఈ ఏర్పాటులో బాధ్యత ఎవరి పాలిట ఎంతో తేలకుండా పోతున్నది. హాలును చెక్కలతో విభజించి మరో రెండు మంచాలు వేసింది కంపెనీ. అద్దె పెరిగినందుకు సంతోషించింది యజమాని. అగ్ని ప్రమాదం జరిగితే మెట్లు వెతుక్కోవలసింది గదిలోనివాడు. 2023 నవంబరు 13న హైదరాబాదు బజార్‌ఘాట్‌లో ఒక నివాస భవనం క్రింది అంతస్తులో నిలువచేసిన రసాయనాలు అంటుకొని కనీసం తొమ్మిదిమంది మరణించారు. అది ఇట్టి కంపెనీ ఇల్లు కాదు. కాని క్రింద ఏమున్నదో, మెట్లు ఎటున్నవో చూచుకోవలసినవాడు లేని ఇల్లు ఎంత అపాయకరమో ఆ సంఘటన చెబుతున్నది. ఇల్లు బ్యాంకు పాసుబుక్కు కాదు. నెలకొకసారి అంకె చూచుకొంటే చాలదు.

కనుక ఇట్టి ఇళ్ళలో సొమ్ము పెట్టదలచినవారికి మా మనవి ఇది. ప్రకటన చూచి కాక, ఇల్లు చూచి కొనండి. కంపెనీ ఇచ్చే అద్దె కాక, ఆ ఇంటిని ఒక కుటుంబానికిస్తే వచ్చే అద్దెతో లెక్క వేసుకోండి. ఆ లెక్కకు నిలవని మదుపు ఏ కంపెనీ నిలబెట్టినా నిలవదు. గదికెందరు ఉండాలో ఒప్పందంలో వ్రాయించండి. లోపల ఉన్నవారి అడ్వాన్సు ఎవరివద్ద ఉన్నదో, కంపెనీ తప్పుకొంటే వారి గతి ఏమిటో అందులోనే తేల్చండి. మూడు నెలలకొకసారి స్వయంగా వెళ్ళి వారిని పలకరించండి. అంత శ్రమ పడలేనివారు బ్యాంకులో డిపాజిటు చేసుకోవడం మేలు. అక్కడ కనీసం మరొకరి నిద్ర మన వడ్డీకి తాకట్టు పడదు.

విద్యార్థినీ విద్యార్థులారా! మీరు నేటి కిరాయిదారులు, రేపటి యజమానులు. గదిలో చేరే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ ఇంటి యజమాని ఎవరు? అతడు కంపెనీకి ఇచ్చిన అధికారపత్రం ఏది? మీరు సంతకం చేసేది అద్దె ఒప్పందమా, లైసెన్సా? అడ్వాన్సు ఎన్ని రోజులలో, ఎవరు తిరిగి ఇస్తారు? ఏడాది అద్దె ఒకేసారి కడితే తగ్గింపు అని ఎవరైనా ఊరిస్తే బీజింగును గుర్తు తెచ్చుకోండి. ప్రతి చెల్లింపుకూ రసీదు దాచుకోండి. నేడు మీరు అడిగే ఈ ప్రశ్నలనే రేపు మీ ఇంటికి వచ్చినవాడు మిమ్మల్ని అడిగినప్పుడు కోపగించుకోకండి.

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మైనారిటీ విద్యాసంస్థలకు దాతలిచ్చిన ఇళ్ళు, మల్గీలు, కూడబెట్టిన నిధులు ఉండడం సాధారణం. వాటిని కూడా ఇట్టి కంపెనీలకు అప్పగిస్తే శ్రమలేని ఆదాయం వస్తుందనే సలహాలు నేడు కాకపోతే రేపైనా రాగలవు. దాత ఇల్లు ఇచ్చినది విద్యార్థి కొరకు. ఆ ఇంటి అద్దె పేరున మరొక విద్యార్థి నలిగితే దాత ఉద్దేశం నెరవేరినట్లు కాదు. అట్టి ఇల్లు ఉన్నచోట గదులను విద్యార్థులకు నేరుగా, న్యాయమైన అద్దెకు, వ్రాతపూర్వకమైన ఒప్పందంతో ఇవ్వడం ఉత్తమం. అది వీలుకాకపోతే, కళాశాల కార్యాలయంలో ఒక పుస్తకం ఉంచి, పరిసరాలలోని గదుల వివరాలను, అద్దెను, అక్కడ ఉండి వచ్చిన విద్యార్థుల అభిప్రాయాలను నమోదు చేయించవచ్చు. దానికి ఖర్చు ఒక నోటు పుస్తకం, ఒక గుమాస్తా అరగంట. ఊరినుండి కొత్తగా వచ్చే పిల్లవానికి అది ఏ కంపెనీ హామీకన్నా విలువైనది.

ఇల్లు అద్దెకివ్వడం గౌరవమైన వృత్తియే. దాని ఫలం అనుభవించడంలో దోషం లేదు. కాని ఒక మనిషికి నీడ ఇచ్చి దానికి వెల పుచ్చుకొన్నవాడు, ఆ నీడ చల్లగా ఉన్నదో లేదో తెలుసుకోవలసిన బాధ్యతను ఏ కంపెనీకీ ఇజారాకివ్వలేడు. ఆ ఎరుక కలిగిన యజమానులు మన కళాశాలనుండే తయారు కావాలని మా ఆకాంక్ష.